ఎస్టీ స్టాండులో నేను గీసిన ఆకు

నాకు బొమ్మలు వేయడం వచ్చునని సిరొంచలో అందరికీ తెలుసు. నేను వేసిన బొమ్మ వల్ల ఒక చెట్టు పోయిందని మాత్రం మా గల్లీవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఒక్కనాడూ నా ముఖం మీద ఆ మాట అనలేదు. అన్నా బాగుండేది. నేనూ నాలుగు మాటలు అని చేతులు దులుపుకొనేవాణ్ని.

ఎనభైల నడిమి మాట ఇది. అప్పటికి నేను స్కూల్లో డ్రాయింగ్ మాస్తరుగా చేరి నాలుగేళ్లు. మా ఇంట్లో నాకన్నా ముందు పెన్సిలు పట్టినవాళ్లు లేరు. మా అమ్మా, ఆమె అక్క అంటే మా పెద్దమ్మా, ఇద్దరూ ఒకరి పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాళ్లు. పిల్లలకు ఆవు బొమ్మ గీసి చూపిస్తే సర్కారు జీతమిస్తుందంటే మా గల్లీలో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. నేను మాత్రం గడ్డం పెంచి, భుజానికి గుడ్డ సంచీ తగిలించి, ప్రకృతి ఆరాధకుణ్నని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకొని తిరిగేవాణ్ని. ప్రకృతిని ఆరాధించడానికి మా ఊరిని మించిన చోటు లేదు. మహారాష్ట్ర కొసన, ఒక దిక్కు ప్రాణహిత నది, ఒక దిక్కు అడవి, నడుమ రోడ్డు మీద ఆ అడవిని మోసుకుపోయే లారీలు.

ఆ ఏడు ఫారెస్టు ఆఫీసుకు కొత్త రేంజరు వచ్చాడు. నాగపూరు దిక్కు మనిషి, తెలుగు ముక్క రాదు. చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒకటే. లోకంలో ఏ కష్టమైనా బోర్డు రాయిస్తే పోతుందని గట్టి నమ్మకం. చెట్లు నరకొద్దని ఒక బోర్డు, అడవికి నిప్పు పెట్టొద్దని ఒక బోర్డు, జింకలను చంపొద్దని ఒక బోర్డు. ఊళ్లో బొమ్మలు వేసేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆయన చేతికి చిక్కాను. చిక్కాను అంటున్నాను గాని, పిలిచిన నాడు ఇస్త్రీ అంగీ తొడుక్కొని మరీ పోయాను.

మొదటి పని కమలాపూర్‌లో దుంగలు మోసే ఫారెస్టు ఏనుగులది. జీపులో ఎక్కించుకొని తీసుకుపోయి చూపించాడు. ఒక ఏనుగు తొండంతో దుంగను ఎత్తి పట్టుకొని లారీ దిక్కు నడుస్తోంది. అక్కడే కూర్చొని గంటలో గీశాను. రేంజరు చూసి, చాలా బాగుంది, దుంగ తీసెయ్ అన్నాడు. అడవిని కాపాడండి అని రాసే బోర్డు మీద దుంగ ఉంటే చూసేవాళ్లకు బాగుండదట. తీసేశాను. దుంగ పోయాక తొండం ఊరికే గాల్లో లేచి ఉండిపోయింది. ఆ బోర్డును జిమల్‌గట్ట రోడ్డు పక్కన నిలబెట్టిన తర్వాత, కిందుగా పోయే టేకు లారీలను ఏనుగు దీవించి పంపుతున్నట్టే ఉండేది. డ్రైవర్లు కొందరు దండం పెట్టుకొని పోయేవాళ్లు.

ఆ తర్వాత దసరా దగ్గర పడింది. మా ఊళ్లో దసరాకు బంగారాలు రెండు. మా తెలుగువాళ్లకు జమ్మి ఆకు బంగారం. ఊరి బయట జమ్మి చెట్టుకు మొక్కి, నాలుగు రెబ్బలు తెంపుకొచ్చి, పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కి, ఈడువాళ్లను కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఆఫీసుల్లో పనిచేసే మరాఠీవాళ్లకు ఆపటా ఆకు బంగారం. మేము ఆరె చెట్టు అనేది దాన్నే. ఆఫీసులు పెరిగిన కొద్దీ ఆరె చెట్లకు గడ్డుకాలం మొదలైంది. పండుగ ముందు రోజు కొమ్మలకు కొమ్మలు విరిచి సైకిళ్ల మీద వేసుకొచ్చి ఇంటింటికీ పంచేవాళ్లు, మర్నాటికి అవన్నీ మురుగు మోరీల్లో తేలేవి. రేంజరుకు అది విని నిజంగానే కడుపు మండింది. మండి, నన్ను పిలిపించాడు.

ఎస్టీ స్టాండులో, అంటే మా బస్టాండులో, పెద్ద బోర్డు పెట్టాలి. దాని మీద ఆపటా ఆకు గీయాలి. ఈ బంగారాన్ని చెట్టు మీదే ఉండనివ్వండి, కాగితపు ఆకులు పంచుకోండి అని మరాఠీలో రాయాలి. రేకు, రంగులు ఆఫీసువి. చట్రానికి కలప డిపో నుంచి మంచి టేకు చెక్క పంపించాడు. చెట్లను కాపాడే బోర్డుకు టేకు చట్రమా సాబ్ అన్నాను. పని బాగా రావాలి కదా మాస్తర్ అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాగితాలు పట్టుకొని ఊరి బయటి ఆరె చెట్టు దగ్గరికి పోయాను. దాన్ని అంతకుముందు వెయ్యిసార్లు చూశాను గాని బొమ్మ వేయాలని ఎన్నడూ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో ఎదురుగా కూర్చున్నాక తెలిసింది. వంకర చెట్టు. చిన్న ఆకు, దళసరి, గరుకు, దాని మీద దుమ్ము, అందులో సగం పురుగు కొట్టినవే. నడుమ చీలిక ఉందంటే ఉంది, లేదంటే లేదు. దాన్ని బంగారం అనడానికి నాకు మనసొప్పలేదు. అంత టేకు చట్రంలో ఈ బీద ఆకు ఏం బాగుంటుందని లేచి వచ్చేశాను.

మా పెద్దమ్మ వాకిట్లో దేవకాంచనం చెట్టు ఉండేది. ఆరెకు అది దగ్గరి చుట్టమే. అదే రెండు రెక్కల ఆకు, కాని అరచేయంత పెద్దది, లేత, నున్నన. చీలిక లోతుగా దిగి, ఈనెలు ఎవరో కూర్చొని గీసినట్టు ఉండేవి. పైగా సరిగ్గా దసరా ముందు గులాబి రంగు పూలు మొదలయ్యేవి. ఆకు ఆకే కదా, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను.

ఆ చెట్టు గురించి కొంచెం చెప్పాలి. పెద్దమ్మకు పిల్లలు లేరు. పెనిమిటి పనికని పోయినవాడు తిరిగి రాలేదు. చిన్నప్పటి నుంచి ఆమె నాటిన వరిలో ఒక్క కర్ర కూడా ఆమెది కాదు. సర్కారు ఇళ్ల జాగాలు ఇచ్చినప్పుడు గుడిసె వేసుకొని, మిగిలిన జానెడు వాకిట్లో మొదటిసారి తన కోసం ఒక చెట్టు పెట్టుకుంది. మునగ పెట్టు, కూరకొస్తుంది అన్నారు. నిమ్మ పెట్టు అన్నారు. ఆమె అడవిలోంచి ఈ పూలమొక్కను తెచ్చి పెట్టింది. గల్లీ అంతా నవ్వింది.

"ఏం పనికొస్తదే అక్కా ఇది?" అని మా అమ్మ అడిగితే, "ఏం పనికి రాదు. పనికొచ్చేటియి శానా నాటిన గద" అన్నదట.

బతుకమ్మ పేర్చేటప్పుడు అందరి బతుకమ్మలూ తంగేడు, గునుగు, బంతి. పెద్దమ్మ బతుకమ్మకు మాత్రం పైన ఒక వరుస కాంచనం పూలు ఉండేవి. ఊరు మొత్తానికి ఆ వరుస ఆమెదొక్కటే. నేల మీద నిలబడి చెయ్యి చాపితే అందినన్ని పూలే కోసేది. పైవి కూడా కొయ్యరాదూ అని ఎవరన్నా అంటే "అయి చెట్టుయి" అనేది. తాంబాళంలో ఆ బతుకమ్మను పెట్టుకొని ప్రాణహిత ఒడ్డుకు పోయేటప్పుడు ఆమె నడకే వేరు. మా ఇంట్లో బొమ్మలు వేసే చెయ్యి ఎవరి నుంచి వచ్చిందని ఇప్పుడు అడిగితే ఆమె నుంచి అని చెబుతాను. అప్పట్లో చెప్పేవాణ్ని కాదు, నేను పరీక్షలు పాసైనవాణ్ని కదా.

వారం రోజులు ఆమె వాకిట్లోనే కూర్చొని గీశాను. పెద్దమ్మ పక్కనే కూర్చొని, మేకలను అదిలిస్తూ చూసేది.

"ఆకు ఒక్కటే గీస్తున్నవేంది కొడుకా? చెట్టంత గియ్యరాదు?"

"బోర్డు మీద జాగ లేదు పెద్దమ్మా."

"జర పువ్వన్న పెట్టు. పువ్వు లేకుంటె దాన్ని ఎవలు గుర్తువడ్తరు?"

పెట్టాను. ఆరె చెట్టుకు గులాబి రంగు పువ్వు పూయదని నాకు తెలుసు. కాని ఆ బంగారు పసుపు పక్కన ఆ గులాబి ఎంత బాగా కుదిరిందంటే, నిజం కోసం దాన్ని తీసేయడం పాపమనిపించింది. ఆకు వెనకాల ఒక కుటుంబాన్ని వేశాను. తల్లీ తండ్రీ పిల్లలూ నవ్వుతూ ఒకరికొకరు ఆకు ఇచ్చుకుంటున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది కాగితపు ఆకు. అది కాగితపుదని బొమ్మలో ఎట్లా చూపించాలో నాకు తోచలేదు, అందుకని మామూలు ఆకులాగే వేశాను.

రేంజరు చూసి మురిసిపోయాడు. పట్నం మనిషి, ఆపటా ఆకును బజారులో కట్టలుగా చూసినవాడే గాని చెట్టు మీద చూసినవాడు కాదు. ఒక్క లోటు మాత్రం చెప్పాడు. ఆకు మీద అడ్డంగా ఎర్ర రంగుతో పెద్ద ఇంటు మార్కు కొట్టాలి, తెంపొద్దని అందరికీ తెలియాలి అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వారం రోజులు ఒక్కొక్క ఈనె దిద్దిన ఆకు మీద ఎర్ర గీతలు కొట్టడానికి ఇదేమన్నా పిల్లవాడు తప్పు చేసిన లెక్కనా? రాత ఉంది కదా సాబ్, చదువుకుంటారు అన్నాను. ఆయన వినలేదు. చివరికి సరే అని, బోర్డు కింద మూలకు, అణాబిళ్ల కన్నా కొంచెం పెద్దగా, సన్నటి మార్కు ఒకటి వేశాను. మనసు లేని పని కాబట్టి అది కూడా పక్కకు తిరిగి, కూడిక గుర్తులా నిటారుగా వచ్చింది. ఊళ్లో కొందరు దాన్ని దవాఖానా గుర్తు అనుకున్నారని, ఆ ఆకు ఇంట్లో ఉంటే జ్వరాలు రావని చెప్పుకున్నారని తర్వాత విన్నాను.

ఇక రాత సంగతి. మా ఊళ్లో పెద్దవాళ్లు మరాఠీ మాట్లాడుతారు గాని చదివేవాళ్లు తక్కువ. కింద ఒక ముక్క తెలుగులో కూడా రాద్దామా అని అడిగితే, ఆఫీసు బోర్డు మీద మరాఠీ చాలన్నాడు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. తెలుగు రాస్తే బొమ్మకు జాగా తగ్గుతుంది.

బోర్డు లేచింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా దాన్నే చూసేవాళ్లు. బంగారు పొడి కలిపిన రంగు కదా, ఎండ పడితే ధగధగలాడేది. నేను పని లేకున్నా రోజూ స్టాండు వైపు ఒక చుట్టు పోయి వచ్చేవాణ్ని. "మస్తుగున్నది సార్. ఈసారి సర్కారు బంగారం ఇదేనా?" అని చాయ్ హోటలాయన అడిగాడు. మస్తుగున్నది అన్నంత వరకు విని, నవ్వి, చాయ్ తాగి వచ్చేశాను. మిగతా సగం చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. పొగడ్త విన్నవాడి బుర్రలో ఇంకోదానికి చోటుండదు.

సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు రేంజరు నన్ను అహేరికి పంపాడు. అక్కడి స్టాండుకు కూడా అలాంటిదే కావాలట, కొలతలు చూసి రమ్మన్నాడు. నేను పోయి, చూసి, దసరా నాడు మధ్యాహ్నం బస్సెక్కి పొద్దు వాలే వేళకు ఊళ్లో దిగాను.

దిగీ దిగగానే హోటలాయన ఎదురొచ్చి అలాయ్ బలాయ్ తీసుకొని, "బంగారం సార్, బంగారం" అని చేతిలో ఆకు పెట్టాడు. నున్నగా, లేతగా, అరచేయంత ఉంది. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక నా దగ్గర చదివిన పిల్లల తండ్రులు ముగ్గురు. అందరి చేతుల్లో అదే ఆకు, జమ్మి రెబ్బ ఒక్కరి దగ్గరా లేదు. కొందరు బొమ్మలో ఉన్నట్టే ఉండాలని ఆకుతో పాటు పువ్వు కూడా పెట్టి ఇచ్చారు. అంతకుముందు ఆఫీసువాళ్లు పది ఇళ్లలో చేసుకున్న పనిని ఆ ఏడు ఊరు ఊరంతా చేసింది. ఆ పూల చెట్టు ఊళ్లో ఒక్కటే ఉందని అందరికీ తెలుసు. స్టాండు నుంచి మా గల్లీ దాకా మా పెద్దమ్మ చెట్టును జనం నా చేతిలో పెడుతూనే ఉన్నారు, నేను జేబుల్లో వేసుకుంటూనే ఉన్నాను. పండుగ పూట బంగారం ఇస్తే వద్దనకూడదు.

రేంజరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. ఆ దసరాకు సిరొంచ చుట్టుపక్కల ఆరె చెట్ల మీద ఎవరూ చెయ్యి వేయలేదు. గార్డులను పంపి చూసి రమ్మంటే ఒక్క కొమ్మ విరగలేదని చెప్పారు. బోర్డు బ్రహ్మాండంగా పనిచేసిందని ఆయన పైకి రాశాడు. అబద్ధం రాయలేదు, నిజమే రాశాడు. మరుసటి ఏడు వనమహోత్సవంలో నాకు శాలువా కప్పి, నా చేత టేకు మొక్క ఒకటి నాటించి, కళాకారుడు తలుచుకుంటే ఎన్ని చెట్లను కాపాడగలడో చూడండి అని మాట్లాడాడు. పెద్దమ్మ చెట్టు గురించి ఆయనకు చెప్పకపోలేదు. చెప్పాను. అది ఆపటా కాదు కదా అన్నాడు.

గల్లీ మొదట్లోనే అమ్మ ఎదురొచ్చి జరిగింది చెప్పింది. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి మర్యాదగానే అడిగారట. పెద్దమ్మ సంబరపడి తన చేత్తోనే తెంపి ఇచ్చిందట. తర్వాత పది మంది, తర్వాత ముప్పై మంది. కింద అందేవి అయిపోయాక పైకెక్కారు. ముగ్గురు ఒక్కసారే ఎక్కేసరికి చెట్టు పంగ దగ్గర ఫట్టున చీలి, ఆ చీలిక మొదలు దాకా దిగింది. ఎక్కినవాళ్లు దూకి బయటపడ్డారు. వెనక వచ్చినవాళ్లకు ఇక ఎక్కే కష్టం కూడా లేకపోయింది.

"వద్దని అనకపోయినవా అక్కా అంటె ఏమన్నదో ఎర్కేనా?" అంది అమ్మ. "పండుగ నాడు బంగారం అడిగితె లేదని ఎట్లంటరే అన్నది."

వాకిట్లోకి పోయి చూశాను. చెట్టు సగం ఇటూ సగం అటూ పడి ఉంది. పచ్చి కట్టె తెల్లగా బయటపడి ఉంది. ఆకన్నది లేదు. (ఎండాకాలం దాకా పెద్దమ్మ దానికి నీళ్లు పోసింది. చిగురు రాలేదు.) నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. జనం మీద కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు. వాళ్లు నేను చూపించిన చెట్టునే పట్టుకున్నారు.

పెద్దమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. కొత్త చీర కట్టుకుంది. గల్లీలో వయసుకు పెద్దది ఆమే కాబట్టి, ప్రతి దసరాకూ చిన్నవాళ్లంతా వచ్చి ఆమె చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాలి. ఆ ఏడూ వచ్చారు. పొద్దున చెట్టెక్కినవాళ్లూ వచ్చారు, చీలిన కొమ్మ నుంచి దూసుకున్నవాళ్లూ వచ్చారు. తప్పు చేశామన్న బెదురు కొందరి ముఖాల్లో ఉంది, కొందరి ముఖాల్లో అదీ లేదు. ఒక్కొక్కరూ వంగి, ఆమె చేతిలో ఆమె ఆకు పెట్టి, కాళ్లు మొక్కి పోతున్నారు. ఆమె ప్రతి ఒక్కరినీ "సల్లగుండు బిడ్డా" అని దీవించి, ఆకును ఒడిలో వేసుకుంటోంది. ఒడి నిండి పక్కన అరుగు మీద కూడా పోగు పడింది.

అందరూ పోయేదాకా నేను గోడ పక్కన నిలబడ్డాను. నా జేబుల్లో ఉన్నది ఇవ్వకుండా, ఉత్త చేతులతో కాళ్లు మొక్కి పోదామనుకున్నాను. ఆమె చూసింది.

"ఏంది కొడుకా, పండుగ పూట ఉత్త చేతులతోని వచ్చినవా?"

రెండు జేబులూ ఖాళీ చేసి, దోసిలి నిండా ఆమె చేతుల్లో పోశాను. ఏమన్నా అంటుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను. "పెద్దమ్మా, నా వల్లనే…" అని మొదలుపెట్టాను. ఆమె ఆ ఆకుల్లోంచి ఒకదాన్ని తీసి, రెండు రెక్కలూ విప్పి, ఈనెల మీద వేలితో నిమిరి చూసింది.

"బొమ్మ మస్తు గీసినవ్ బిడ్డా" అంది. "మన చెట్టే అని అందరు గుర్తువట్టిన్రు."

వెటకారమేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కాదు. నా పనితనానికి ఆమె నిజంగానే సంతోషపడుతోంది. వంగి ఆమె కాళ్లు మొక్కాను. లేవడానికి చాలాసేపు పట్టింది.